వాలు నేల మీద మేపుల్ రసానికి గొట్టాలు వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని వెర్మాంట్‌లోనూ, న్యూ హాంప్‌షైర్, న్యూయార్క్ రాష్ట్రాల ఉత్తరపు కొండల్లోనూ నాలుగైదు ఎకరాల అడవితో కలిపి ఇల్లు కొనుక్కున్న మనవారు మేపుల్ రసాన్ని కాచి సిరప్ చేసుకుందామని మొదటి ఏడాది సరదాగా చెట్లకు బకెట్లు కట్టి, రెండో ఏడాది మంచులో బకెట్లు మోసి నడుములు పట్టేసి, మూడో ఏడాది గొట్టాల గురించి అడగడం మొదలుపెడతారు. అడిగేవారు మారినా సందేహాలు మారడం లేదు. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఒకచోట చేర్చాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## నేలను చూసుకునేటప్పుడు

మా స్థలం బాగా వాలుగా ఉంది. గొట్టాలకు ఇది మంచిదా, చెడ్డదా?

మంచిదే. బకెట్లు మోసేవారికి శిక్షగా ఉండే వాలు, గొట్టాలు వేసేవారికి ఖర్చు లేని మోటారు వంటిది. రసాన్ని గొట్టంలో పల్లానికి పారించాలన్న ఆలోచన ప్లాస్టిక్ కంటే పాతది. న్యూయార్క్‌లోని మేఫీల్డ్‌కు చెందిన విలియం బ్రోవర్ 1916లోనే లోహపు గొట్టాల పద్ధతికి పేటెంటు పొందాడు. అయితే లోహం బరువైనది. 1950ల చివరలో వంగే ప్లాస్టిక్ గొట్టం వచ్చాకే ఈ పద్ధతి కొండ కొండకూ పాకింది. వాలు నేలతో ఉన్న ఇబ్బంది ఒక్కటే: మనిషి కాలు జారుతుంది. మంచులో నడవడానికి స్నోషూలు, చేతికర్ర లేకుండా పైకి వెళ్ళవద్దు.

గొట్టానికి ఎంత వాటం ఉంటే సరిపోతుంది?

మెయిన్ లైనుకు, అంటే చెట్లన్నిటి రసాన్ని ట్యాంకుకు చేర్చే పెద్ద గొట్టానికి, కనీసం 2 శాతం వాటం ఉండాలి, అంటే 100 అడుగుల పొడవుకు 2 అడుగుల దిగుడు. వీలైతే 4, 5 శాతం ఇవ్వడం మేలు. చెట్ల నుంచి మెయిన్ లైనుకు వచ్చే సన్న గొట్టాలకు, అంటే ల్యాటరళ్ళకు, ఇంతకంటే ఎక్కువ వాటం దొరికితే వదులుకోవద్దు. డాబా మీద వాన నీరు నిలవకుండా మేస్త్రి వాటం ఇచ్చేటప్పుడు మొత్తం ఎంత దిగిందన్నది మాత్రమే చూడడు, మధ్యలో ఎక్కడా గుంట లేకుండా చూస్తాడు. ఇక్కడా అదే లెక్క. మొత్తం మీద 10 శాతం దిగే లైనులో ఒక్క చోట అరడుగు గుంట ఉన్నా, రాత్రి ఆ గుంటలో నిలిచిన రసం గడ్డకట్టి, మరునాడు వెనకనున్న చెట్ల రసాన్నంతా ఆపేస్తుంది.

వాలు కొలవడానికి సర్వేయరును పిలవాలా?

అక్కరలేదు, కాని కంటిని మాత్రం నమ్మవద్దు. కొండ మీద నిలబడి చూస్తే కొంచెం ఎగువకు పోయే దారి కూడా పల్లానికి పోతున్నట్టే కనిపిస్తుంది. చేతిలో పట్టుకుని చూసే లెవెల్ గాని, శాతంలో వాలు చూపే క్లైనోమీటరు గాని ఒకటి తీసుకోండి. ఒక కర్రకు సరిగ్గా మీ కంటి ఎత్తున రంగు రిబ్బను కట్టి తోడు వచ్చినవారికి ఇచ్చి ముందుకు పంపండి. మీరు ట్యాంకు చోటు నుంచి పైకి చూస్తూ, రిబ్బను 3 శాతం పైన కనిపించేంతవరకు వారిని కొండకు అడ్డంగా అటూ ఇటూ జరపండి. అక్కడ చెట్టుకు ఒక గుర్తు కట్టి, ఆ గుర్తు దగ్గరికి మీరు వెళ్ళి మళ్ళీ అదే పని చేయండి. ఇలా కట్టుకుంటూ పోయిన గుర్తుల వరుసే మీ మెయిన్ లైను దారి. ఒకరోజు ఇందుకు పోతుంది, అది వృథా కాదు. దారాన్ని బిగించి దాని మీద చిన్న రసమట్టం తగిలించి కూడా ఈ పని చేయవచ్చు గాని, చెట్ల మధ్య చాలా ఆలస్యమవుతుంది.

ట్యాంకు ఎక్కడ పెట్టాలి?

రసం పారగలిగినంత పల్లంలో, బండి చేరగలిగినంత దగ్గరలో. ఈ రెండూ కలవకపోతే బండి దారికే ప్రాధాన్యం ఇమ్మంటాను. మార్చి బురదలో బండి దిగబడితే ఏ వాటమూ పైకి లాగలేదు. ట్యాపుకు, అంటే రసం కోసం చెట్టుకు వేసే ఒక్కో బెజ్జానికి, 2 గ్యాలన్ల చొప్పున లెక్కవేస్తే రసం జోరుగా కారిన రోజున కూడా పొర్లిపోదు. 100 ట్యాపులకు 200 గ్యాలన్లు, అంటే సుమారు 760 లీటర్లు. నిండినప్పుడు అది ముప్పాతిక టన్ను బరువు ఉంటుంది కనుక ట్యాంకు కింద గట్టి దిమ్మె వేయాలి. నీడపట్టున, ఉత్తరం వైపు పెడితే రసం చల్లగా ఉండి త్వరగా పాడవదు. ఎవరైనా పాత జింకు డబ్బా ట్యాంకు చవకగా ఇస్తామంటే దాని అతుకులు సీసంతో వేసినవి కావచ్చునని గుర్తుంచుకుని వద్దనండి. ఆహారానికి తగిన ప్లాస్టిక్ గాని, స్టెయిన్‌లెస్ స్టీలు గాని తీసుకోండి.

ఆకులు రాలిన అడవిలో మేపుల్ చెట్టును ఎలా గుర్తుపట్టాలి? ఎంత లావు ఉండాలి?

కొమ్మ మీద మొగ్గలు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయేమో చూడండి. ఈ అడవుల్లో అలా ఉండే పెద్ద చెట్లు మేపుల్, యాష్ తప్ప దాదాపు లేవు. యాష్ రెమ్మలు మొద్దుగా, మేపుల్ రెమ్మలు సన్నగా ఉంటాయి. మొగ్గ గోధుమ రంగులో సూదిలా ఉంటే షుగర్ మేపుల్, ఎర్రగా గుండ్రంగా ఉంటే రెడ్ మేపుల్. రెడ్ మేపుల్ రసమూ పనికి వస్తుంది గాని, అది ముందే చిగురించి రుచి చెడుతుంది. ఛాతీ ఎత్తున చెట్టు అడ్డకొలత కనీసం 10 అంగుళాలు, నా మాట వింటే 12 అంగుళాలు ఉండాలి. టేపు చుట్టి చూస్తే 12 అంగుళాల చెట్టు చుట్టుకొలత దాదాపు 38 అంగుళాలు వస్తుంది. చెట్టుకు ఒక్క ట్యాపే పెట్టండి. 18 అంగుళాలు దాటిన ఆరోగ్యమైన చెట్టుకు మాత్రమే రెండోది ఆలోచించాలి.

## సామగ్రి కొనేటప్పుడు

5/16 అంగుళం గొట్టం కొనాలా, 3/16 అంగుళం గొట్టం కొనాలా?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. జవాబు మీ కొండలో ఉంది. 5/16 గొట్టం లోపల రసం అడుగున పారుతుంటే గాలి పైనుంచి దాటిపోతుంది. 3/16 గొట్టం ఎంత సన్నమంటే గాలి బుడగ రసాన్ని దాటలేదు, రసం ముక్కలు ముక్కలుగా బుడగలను తన ముందు తోసుకుంటూ దిగుతుంది. అలా నిండిన గొట్టంలో కిందికి వేలాడే రసం బరువే పైనున్న చెట్టు దగ్గర పీల్పును పుట్టిస్తుంది. అడుగు దిగుడుకు సుమారు 0.88 అంగుళాల పాదరసం చొప్పున, మీటరుకు దాదాపు 2.9 అంగుళాల చొప్పున వాక్యూమ్ పెరుగుతుంది. 30 అడుగులకు పైగా దిగుడు ఉంటే, కరెంటు గాని పంపు గాని లేకుండానే, గాలి పీడనం అనుమతించే పరిమితికి దగ్గరగా చేరవచ్చు. వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి అండర్‌హిల్‌లో ఉన్న ప్రాక్టర్ మేపుల్ పరిశోధనా కేంద్రంలో టిమ్ విల్‌మాట్ ఈ పద్ధతిని పరీక్షించి ప్రచారంలోకి తెచ్చారు.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. లైను మొత్తం దిగుడును లెక్కపెట్టి సంతోషిస్తారు. ఒక చెట్టుకు అందే పీల్పు ఆ చెట్టుకు దిగువన ఉన్న రసపు ఎత్తును బట్టి ఉంటుంది, ఎగువన ఉన్నదాన్ని బట్టి కాదు. అందుచేత చెట్లన్నీ కొండ కిందిభాగంలో ఉండి, చివరి చెట్టు పక్కనే ట్యాంకు ఉంటే 3/16 వల్ల ఒరిగేదేమీ లేదు. చెట్లు మీద, ట్యాంకు లోతున ఉన్న స్థలం దీనికి శ్రేష్ఠం. ఇంకొక లోపం కూడా చెప్పాలి. రెండు మూడేళ్ళు గడిచేసరికి సూక్ష్మజీవుల జిగురు ఫిట్టింగుల సన్నని నోళ్ళను మూసేస్తుంది, కనుక ఏటా శుభ్రం చేసే ఓపిక లేనివారు ఈ గొట్టం జోలికి పోకపోవడం మంచిది. చదునుగా ఉన్న చోటుకూ, పంపు పెట్టదలచినవారికీ 5/16 సరిపోతుంది.

మెయిన్ లైను తప్పనిసరిగా వేయాలా?

ఇంటి అవసరానికి 40, 50 ట్యాపులు పెట్టుకునేవారికి అక్కరలేదు. మంచి దిగుడు ఉంటే రెండు మూడు 3/16 లైన్లను నేరుగా ట్యాంకులోకి దించవచ్చు. ట్యాపులు వందలు దాటినప్పుడు, లేక చెట్లు కొండ పొడవునా అడ్డంగా పరచుకుని ఉన్నప్పుడు ముప్పాతిక అంగుళం లేదా అంగుళం మెయిన్ లైను కావాలి. అప్పుడు మెయిన్ లైను కొండకు అడ్డంగా కొద్ది వాటంతో పోతుంది, ల్యాటరళ్ళు చేప ముల్లులా ఎగువ నుంచి నిటారుగా వచ్చి అందులో కలుస్తాయి.

డ్రిప్ పైపులు చవక కదా, అవి వాడకూడదా?

బిందు సేద్యం చూసి పెరిగిన వారికి ఈ ఆలోచన రావడం సహజమే. మెయిన్, ల్యాటరల్ అన్న పేర్లు కూడా ఒకటే. డ్రిప్‌లో నీరు ఒత్తిడితో బయటికి పోతుంది, ఇక్కడ రసం పీల్పుతో లోపలికి వస్తుంది. పలచటి డ్రిప్ ల్యాటరల్ పీల్పుకు నొక్కుకుపోతుంది, చలికి పెళుసెక్కి బిగించిన చోట చిట్లుతుంది, పైగా అది ఆహారం కోసం చేసినది కాదు. తోటలో నీళ్ళు పట్టే గొట్టమూ ఇంతే. మేపుల్ కోసమే తయారైన గొట్టం కొనండి.

వాక్యూమ్ పంపు కొనాలా?

200 ట్యాపుల లోపు, మంచి వాలు ఉన్న చోట వద్దు. పంపుతో పాటు గాలిని, రసాన్ని వేరుచేసే రిలీజరు, కరెంటు, రోజూ చిల్లులు వెతికే మనిషి కూడా కావాలి.

## గొట్టాలు లాగేటప్పుడు

పని ఎప్పుడు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఆకు రాలాక, మంచు పడకముందు, అక్టోబరు, నవంబరు నెలల్లో. ఆకులు లేకపోవడం వల్ల కొండ ఆకారం కనిపిస్తుంది, నేల కనిపిస్తుంది కనుక కాలు ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. మెయిన్ లైను ట్యాంకు నుంచి పైకి పోవాలి, ఎందుకంటే వాటం అక్కడి నుంచే లెక్క. ల్యాటరల్ మాత్రం మెయిన్ లైను దగ్గర మొదలుపెట్టి పై చివరి చెట్టు దాకా వదులుగా పరచి, ఆపైన అక్కడి నుంచి బిగించుకుంటూ దిగడం తేలిక. దారిలో అడ్డు వచ్చే చిన్న మొక్కలు, వాలిన ఎండు చెట్లు ముందే కొట్టేయండి. గొట్టం లాగాక రంపం పట్టుకుంటే ఒకసారైనా గొట్టం తెగక తప్పదు.

మెయిన్ లైను వేలాడకుండా ఎలా నిలబెట్టాలి?

గొట్టం తన బరువును తాను మోయలేదు. ముందుగా 12.5 గేజి హై టెన్సైల్ తీగను లాగి, రాట్చెట్‌తో వీణ తీగలా బిగించి, అది తిన్నగా ఉందని, వాటం సరిగా ఉందని మళ్ళీ కొలిచి చూసుకున్నాకే గొట్టాన్ని దానికి కట్టాలి. కట్లు అడుగు, అడుగున్నర దూరానికొకటి ఉండాలి. తీగ రెండు చివరలా పెద్ద చెట్లకు చుట్టేచోట పాత గొట్టం ముక్కనో, కర్ర ముక్కలనో అడ్డుపెడితే బెరడు కోసుకుపోదు. నడుమ ఉన్న చెట్లకు పక్క తీగలతో లాగి కట్టండి, మెయిన్ లైను తీగను ఏ చెట్టుకూ నేరుగా చుట్టవద్దు.

నేను మొదటిసారి వేసినప్పుడు తీగ ఖర్చు దండగనుకుని, గొట్టాన్ని చెట్టు నుంచి చెట్టుకు నైలాను తాడుతో కట్టాను. నవంబరులో చూడముచ్చటగా ఉంది. ఫిబ్రవరిలో మంచు బరువుకు ప్రతి రెండు చెట్ల మధ్యా జోలెలా వంగింది. ఉదయం తొమ్మిదింటికి చెట్లు కారడం మొదలైతే, జోలెల్లోని మంచు కరిగి ట్యాంకులో మొదటి చుక్క పడేసరికి మధ్యాహ్నం రెండు దాటేది. మరుసటి వేసవిలో అంతా విప్పి మళ్ళీ వేశాను. తీగ ఖర్చు అప్పుడూ తప్పలేదు.

ల్యాటరల్‌ను చెట్టుకు మేకు కొట్టి నిలపాలా?

ఎప్పుడూ వద్దు. గొట్టాన్ని ఒక చెట్టుకు ఎడమగా, తరువాతి చెట్టుకు కుడిగా పోనిస్తూ బిగిస్తే రాపిడే దాన్ని నిలబెడుతుంది. పై చివరి చెట్టు చుట్టూ గొట్టాన్ని తిప్పి, కొక్కెం ఉన్న చివరి ఫిట్టింగుతో దానికే తగిలించాలి. చలికి గొట్టం కుంచించుకుని మరింత బిగుస్తుంది కనుక, ఎండరోజున లాగేటప్పుడు చేతి బలమంతా చూపించనక్కరలేదు.

ఒక ల్యాటరల్‌కు ఎన్ని ట్యాపులు పెట్టవచ్చు?

5/16 గొట్టానికి ఐదు ఆదర్శం, పది హద్దు. 3/16 గొట్టానికి 20 నుంచి 25 దాకా పెడితేనే అది నిండి పీల్పు పుడుతుంది, 30 దాటితే రాపిడి వల్ల పై చెట్లకు నష్టం.

గొట్టం ఫిట్టింగులో దూరడం లేదు, ఏం చేయాలి?

ఫ్లాస్కులో వేడినీళ్ళు తీసుకువెళ్ళి గొట్టం కొసను కొన్ని సెకన్లు ముంచండి. నూనె, సబ్బు రాయవద్దు. రెండు చేతుల పనిముట్టు ఒకటి దొరుకుతుంది. అది గొట్టాన్ని రెండువైపులా పట్టుకుని నడుమ కోసి ఫిట్టింగులోకి నెడుతుంది. యాభై ట్యాపులు దాటితే అది కొనడం న్యాయం.

చెట్టు నుంచి ల్యాటరల్‌కు దిగే డ్రాప్ లైను ఎంత పొడవు ఉండాలి?

కనీసం 30 అంగుళాలు, 36 అయితే మంచిది. దీన్ని పొట్టిగా కోసి డబ్బు మిగిల్చామనుకునేవారు ఏటా బెజ్జాన్ని పాత గాయం పక్కనే వేయవలసి వస్తుంది. పొడవు ఉంటే చెట్టు చుట్టూ తిరిగి కొత్త చోటు ఎంచుకోవచ్చు.

దారిలో వాగో, నడకదారో అడ్డం వస్తే?

చిన్న గుంతనైతే తీగ మీద గొట్టాన్ని తిన్నగా దాటించవచ్చు. నేల దిగినా గొట్టం దిగనక్కరలేదు. నడకదారి, స్నోమొబైల్ దారి అడ్డమైతే తల ఎత్తుకు బాగా పైన దాటించాలి, లేదా ఆ భాగాన్ని సీజను కాగానే విప్పేలా జోడించాలి. మంచు నాలుగడుగులు పేరుకుంటే ఏడడుగుల ఎత్తు మూడడుగులే అవుతుందని మరచిపోవద్దు. రసం తిరిగి మెరక ఎక్కవలసిన చోట మాత్రం పంపు తప్పదు.

## బెజ్జం వేసి రసం పట్టేటప్పుడు

బెజ్జాలు ఎప్పుడు వేయాలి?

రాత్రి 0 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి, పగలు 4 నుంచి 7 డిగ్రీలకు వాతావరణం ఊగిసలాడడం మొదలయ్యే ముందు. వెర్మాంట్‌లో అది సాధారణంగా ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా, అంటే ఇంచుమించు శివరాత్రి నుంచి ఉగాది వరకు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనం అంటాం. ఇక్కడ చలి పగలు పోయి రాత్రికి తిరిగి వస్తేనే రసం. రాత్రి కొమ్మలు గడ్డకట్టేటప్పుడు చెట్టు వేళ్ళ నుంచి నీటిని పీల్చుకుంటుంది, పగలు కరిగినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి బెజ్జం గుండా రసం బయటికి వస్తుంది. చలి పూర్తిగా పోతే రసమూ పోతుంది. దక్షిణపు వాలు ముందు మొదలవుతుంది, ఉత్తరపు వాలు ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు కారుతుంది.

బెజ్జం ఎంత లోతు? రోజూ గాటు పెట్టాలా?

5/16 అంగుళం పదునైన బిట్టుతో, కొద్దిగా పైకి వాలుగా, ఒకటిన్నర అంగుళం లోతు. పొట్టు తెల్లగా రావాలి. గోధుమ రంగులో వస్తే అది చచ్చిన చెక్క, అక్కడ రసం ఉండదు. స్పౌట్‌ను, అంటే బెజ్జంలో దిగే చిన్న గొట్టపు మూతిని, మెల్లగా తట్టి, చప్పుడు మారగానే ఆపండి, గట్టిగా కొడితే చెక్క చీలి గాలి చొరబడుతుంది. తాటిచెట్టు గెలకు గీత కార్మికుడు రోజూ కొత్త గాటు పెట్టినట్టు ఇక్కడ చేయనక్కరలేదు. ఒక బెజ్జం సీజనంతా కారుతుంది, దాన్ని తిరిగి తొలవకూడదు. స్పౌట్ మాత్రం ఏటా కొత్తది వాడండి. రసం వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వు స్పౌట్ అయితే మరీ మంచిది, ఎందుకంటే వెనక్కి పోయే రసం గొట్టంలోని సూక్ష్మజీవులను బెజ్జంలోకి మోసుకుపోయి దాన్ని త్వరగా ఎండగడుతుంది.

పక్కవారికి కారుతోంది, మా గొట్టంలో కదలిక లేదు. ఎందుకు?

ముందు ఎండ ఎటు ఉందో చూడండి. ఉత్తరపు వాలు అయితే రెండు గంటలు ఆగడమే మందు. ఆ తరువాత లైను వెంట కింది నుంచి నడిచి, మంచు నిలిచిన గుంట కోసం చూడండి. గొట్టంలో రసం పరుగులు తీస్తూ పొడవైన బుడగలు వరుసగా వస్తుంటే ఎగువన ఎక్కడో గాలి చొరబడుతోంది. బుడగలు నెమ్మదైన చెట్టుకూ వేగమైన చెట్టుకూ మధ్య వెతికితే చిల్లు దొరుకుతుంది. గాలి లేని రోజున చెవి పెట్టి వింటే సన్నని ఈల కూడా వినిపిస్తుంది. లైను పై చివర పీల్పు ఎంతుందో చూపే ఒక వాక్యూమ్ గేజి తగిలించుకుంటే సగం నడక తప్పుతుంది.

ఇలా పీల్చితే చెట్టు చచ్చిపోదా?

తగినంత లావున్న ఆరోగ్యమైన చెట్టుకు, ఏటా కొత్త చోట ఒకే బెజ్జం వేసినంతకాలం భయం లేదు. చెట్టు దాచుకున్న చక్కెరలో మనం తీసేది కొద్ది భాగమే. రసంలో చక్కెర దాదాపు 2 శాతం. సిరప్ కాచేవారు వాడే లెక్క ప్రకారం 86ను ఆ శాతంతో భాగిస్తే, గ్యాలను సిరప్‌కు 43 గ్యాలన్ల రసం కావాలని తేలుతుంది. అసలు హాని బెజ్జం చుట్టూ నిలువుగా ఏర్పడే మచ్చ వల్ల. ఆ మచ్చలో మళ్ళీ తొలిస్తే రసమూ రాదు, గాయమూ పెరుగుతుంది.

ఉడతలు గొట్టాలు కొరికేస్తున్నాయి. ఏం చేయాలి?

పూర్తిగా ఆపలేరు. అతుకువేసే ఫిట్టింగులు ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. సోడియం ఉన్న బ్లీచుతో కడిగిన గొట్టాలకు ఉప్పు రుచి అంటి అవి మరింత ఎగబడతాయి. మూజ్ దుప్పి మాత్రం కొరకదు, లైనునే తెంచుకుని పోతుంది.

## సీజను ముగిశాక

ఎప్పుడు ఆపాలి?

మొగ్గలు ఉబ్బి, కాచేటప్పుడు రసం నుంచి వెగటు వాసన వచ్చిన రోజున. ఇంకో రెండు రోజులు లాగుదామన్న ఆశతో చాలామంది మంచి సిరప్‌లో చెడ్డది కలుపుకుంటారు.

గొట్టాలు విప్పి దాచాలా?

విప్పనక్కరలేదు, చాలామంది ఏళ్ళ తరబడి చెట్ల మీదే ఉంచుతారు. స్పౌట్లను మాత్రం తప్పక పీకేయండి, అప్పుడే బెజ్జం ఒకటి రెండేళ్ళలో మూసుకుంటుంది. బెజ్జంలో మైనం గాని, పుల్ల గాని కుక్కవద్దు. 3/16 లైన్లు ఉన్నవారు క్యాల్షియం హైపోక్లోరైట్ ద్రావణంతో శుభ్రం చేసి, తరువాతి సీజనులో మొదట వచ్చిన రసాన్ని పారబోయాలి. మెయిన్ లైను కింది చివర విప్పి, రసమంతా కారిపోనిచ్చి, కీటకాలు దూరకుండా మూతపెట్టండి. తీగ రాట్చెట్‌ను రెండు పళ్ళు వదులు చేసి, వేసవిలో ఒకసారి తీగ చుట్టిన చెట్ల దగ్గరికి వెళ్ళి చూడండి. చెట్టు లావెక్కి అడ్డుకర్రలను మింగడం మొదలుపెడితే వాటిని జరిపి కట్టాలి.